పేరు లేనివాటికి సున్నా

జీవరాజు గారు టెలిస్కోపును ఎన్నడూ ముట్టుకోలేదు. ముట్టుకుని ఉంటే నష్టం తక్కువగా ఉండేది. ఆయన ముట్టుకున్నది జాబితాను.

భీమవరానికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో, చుట్టూ రొయ్యల చెరువులున్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన ఎలక్ట్రానిక్స్ విభాగానికి అధిపతి. ఆ కాలేజీ సి బ్లాకు మేడ మీద టెలిస్కోపు ఉంది. అద్దం వ్యాసం నలభై సెంటీమీటర్లు. భూమి చుట్టూ తిరిగే వస్తువులు, అంటే పనిచేస్తున్న ఉపగ్రహాలు, పనిచేయడం మానేసిన ఉపగ్రహాలు, పేలిపోయిన రాకెట్ల ముక్కలు, ఏ క్షణాన ఎక్కడున్నాయో అది ఫొటో తీసి చెబుతుంది. ఏ వస్తువు వైపు ఎప్పుడు తిరగాలో దానికి చెప్పే ప్రోగ్రాము వీరదుర్గ రాసింది.

వీరదుర్గకు ముప్పై ఒకటి. ఊరు ఉప్పాడ. తండ్రి సత్తియ్య సముద్రం మీద వేటకు వెళతాడు. ఆమె కాకినాడలో ఎంటెక్ చేసి, ఈ కాలేజీలో ఏటేటా రెన్యువల్ చేసే ఉద్యోగంలో చేరి నాలుగో ఏడు నడుస్తోంది.

బెంగుళూరు కంపెనీ ఒకటి దేశంలో ఎనిమిది టెలిస్కోపులను కలిపి నడుపుతోంది. తొమ్మిదోదిగా భీమవరాన్ని తీసుకోవాలా వద్దా అని పరీక్ష పెట్టింది. ఫిబ్రవరి ఒకటి నుంచి మార్చి రెండు దాకా ముప్పై సాయంత్రాలు. అరవై నాలుగు వస్తువుల జాబితా. ముప్పయ్యో సాయంత్రం ముగిసేసరికి వాటిలో మూడుకు మించి తప్పిపోతే భీమవరం వద్దు. వద్దంటే తాను తెచ్చి పెట్టిన టెలిస్కోపును కంపెనీ విప్పుకుని పోతుంది. టెలిస్కోపు పోతే జూన్‌లో దుర్గ ఉద్యోగానికి రెన్యువల్ ఉండదు. ఈ చివరి సంగతి ఏ కాగితంలోనూ లేదు. రాయనక్కర్లేదని కాలేజీలో అందరికీ తెలుసు.

ఈ వస్తువులు సాయంత్రం గంటన్నరసేపు కనిపిస్తాయి. కింద చీకటి పడి, పైన వాటికి ఇంకా ఎండ తగులుతున్నంతసేపు. తెల్లవారుజామున ఇంకో గంటన్నర ఉంటుంది గానీ ఆ వేళలో చెరువుల మీద మంచు లేస్తుంది. కాబట్టి ఉన్నది సాయంత్రమే. గంటన్నరలో అరవై నాలుగింటినీ చూడటం కుదరదు. దేన్ని చూడాలి, దేన్ని వదలాలి, ఏ వరసలో తిరగాలి అన్నది ప్రోగ్రాము తేల్చాలి.

బరువైన ఉపగ్రహం చెప్పిన దారిన పోతుంది. వారం చూడకపోయినా ఉండాల్సిన చోటే ఉంటుంది. రేకుముక్క అలా కాదు. అక్కడున్న కాసింత గాలి దాన్ని ఈడుస్తుంది. మూడు రోజులు వదిలేస్తే అంచనా తప్పుతుంది. ఆ తప్పు రెండు నిండు చంద్రులను పక్కపక్కన పెట్టినంత మేర దాటిందంటే టెలిస్కోపు చూపులోకి అది రాదు. తప్పిపోయినట్టే. అందుకని ప్రోగ్రాము ఒక్కో వస్తువు గురించి మనకు తెలిసినది ఎంత పాతబడిందో లెక్కకట్టి, చూడకపోతే చేజారేవాటికి ఎక్కువ విలువ ఇచ్చి, సాధ్యమయ్యే వరసల్లో మొత్తం విలువ ఎక్కువ వచ్చే వరసను ఎంచుతుంది. దానికి నలభై సెకన్లు పడుతుంది.

పందొమ్మిదో సాయంత్రానికి తప్పిపోయినది ఒక్కటి.

ఇరవయ్యో తేదీ పొద్దున్నే ఉప్పాడ నుంచి ఫోను వచ్చింది. సముద్రం ఇంటి దాకా వచ్చి వంటగది గోడ తీసుకుపోయింది. దుర్గ మూడు రోజులు సెలవు అడిగింది.

"దానికేంటమ్మా, వెళ్లిరండి. నేను లేనా?" అన్నారు జీవరాజు గారు.

ఆరున్నరకు మేడ మీది కప్పు తెరిచే బటన్ నొక్కడం, ఎనిమిదింటికి మూసే బటన్ నొక్కడం. ఆయన చేయాల్సింది అంతే. ఆ రెండు బటన్లూ ఆయన సరిగ్గానే నొక్కారు.

ఇరవై మూడున దుర్గ తిరిగివచ్చి రిపోర్టు తెరిచేసరికి తప్పిపోయినవి ఏడు.

జాబితాలో ప్రతి వస్తువు పక్కనా ప్రయారిటీ అని ఒక గడి ఉంది. ఎప్పుడైనా కంపెనీ ఫోను చేసి ఫలానాది అర్జెంటుగా చూడమంటే వాడుకోవడానికి దుర్గ పెట్టింది. మామూలుగా అన్నిటికీ ఒకటి ఉంటుంది. ప్రోగ్రాము కట్టిన విలువను ఆ అంకెతో గుణిస్తుంది. ఇప్పుడు ఇరవై రెండు వస్తువుల పక్కన పది ఉంది. ముప్పై ఒక్క వస్తువుల పక్కన సున్నా ఉంది.

ఆమె ఆయన గదికి వెళ్లింది. ఆయన ముందే నవ్వుతున్నారు.

"మేడమ్, రిపోర్టు చూశారా? మీరున్నప్పుడు రోజుకి అరవై ఫొటోలు. నేను చూసుకున్న మూడు రోజులూ నూట పది, నూట పన్నెండు, నూట తొమ్మిది. ఒక్కటీ మిస్సవ్వలేదు."

"ఎందుకు మిస్సవుతాయి సార్? అవెక్కడున్నాయో వాటి ఓనర్లకే తెలుసు. వాటిలో జీపీఎస్సులున్నాయి. మనం ఫొటో తీసి చెబితే కొత్తగా తెలిసేదేంటి?"

"అదేనండి నేను చెప్పేది. అమెరికావాళ్లవి, యూరపువాళ్లవి, మన ప్రభుత్వానివి. మర్యాద చూడాలా వద్దా? మీ వరసలో ముందేమున్నాయి? రాకెట్టు ముక్క, ఇంకో రాకెట్టు ముక్క, ఏదో రేకు. పేరు కూడా లేదు, నంబరు. పెళ్లిలో మొదటి బంతిలో ఎవర్ని కూర్చోబెడతామండి? దారినపోయేవాడినా?"

"ఇది పెళ్లి కాదు సార్."

"పద్ధతనేది ఎక్కడైనా ఒకటే మేడమ్."

"పేరు లేనివాటికి సున్నా వేశారు."

"మరి? చెత్తకి మార్కులేంటండి?"

సున్నాతో దేన్ని గుణించినా సున్నా. ఈ సంగతి జీవరాజు గారు ఇరవై ఆరేళ్లుగా జీతం తీసుకుని పిల్లలకు చెబుతున్నారు. మూడు సాయంత్రాలు ఆ ముప్పై ఒకటీ చేజారుతూ ఉంటే టెలిస్కోపు వాటి వైపు తిరగలేదు. అది ఎక్కడికీ పోని ఉపగ్రహాల దగ్గరకు వెళ్లి, అవి ఎక్కడికీ పోలేదని మూడు వందల ముప్పై ఒక్కసార్లు ఫొటో తీసి వచ్చింది.

ఆమె ఆయనకు ఇదంతా చెప్పాలనుకోలేదు. గోడకు చెప్పినా ప్రతిధ్వని వస్తుంది. పై గదికి వెళ్లి ప్రోగ్రాములోంచి ఆ గడిని తీసేసింది.

తప్పిపోయినదాన్ని వెతకడం చూడటంలాంటిది కాదు. ఒక్కోదానికి పదిహేను నిమిషాలు పోతుంది. ఆ పదిహేను నిమిషాల్లో చూడాల్సిన పది వస్తువులు మరో రోజు పాతబడతాయి. ఎక్కువ వెతికితే ఉన్నవి జారతాయి. వెతక్కపోతే పోయినవి రావు. సాయంత్రానికి ఒకదాన్ని మించి వెతకవద్దని ఆమె ప్రోగ్రాముకు హద్దు పెట్టింది.

మూడో రోజున తండ్రి ఫోను చేశాడు.

"ఏంటమ్మా, దొరికిందా నీ చెత్త?"

"ఒకటి దొరికింది నాన్నా. ఇంకా ఆరున్నాయి."

"ఎక్కడ ఎతుకుతున్నావు?"

"అది పోయే దారిలోనే. ఉండాల్సిన చోటికి కాస్త ముందు."

"అదీ మాట. వల తెగిపోతే, ఏసిన చోట ఎతికేవోడు ఎర్రోడు. నీటివాలు ఎటుంటే అటు పోవాల."

"అదే చేస్తున్నా నాన్నా."

"దీనికి ఎంటెక్కు దేనికే? మీ అన్నయ్యకి చెబితే ఊరికే చేసిపెట్టేవోడు."

దుర్గ నవ్వింది. ఆ వారంలో అదొక్కసారే. గోడ సంగతి అడిగింది. ఇసుక బస్తాలేశాం, అమావాస్య పోటుకి చూడాలి అన్నాడు.

మార్చి ఒకటో తేదీకి తప్పిపోయినవి నాలుగు. ఒక్కటి దొరికితే చాలు. మిగిలినవి రెండు సాయంత్రాలు. ఆ నాలుగింటిలో రెండు ఇప్పుడు పట్టపగలు ఈ ఊరి మీదుగా పోతున్నాయి, కనిపించవు. ఒకటి పడమటి దిక్కున చెట్లకు కాస్త పైనుంచి పోతుంది, అక్కడంతా ధూళి. నాలుగోది జాబితాలో నలభై ఒకటో నంబరు. రాకెట్టు నుంచి ఊడిన రేకుముక్క, తలుపు రెక్కంత. అది ఒకటో తేదీన కనిపించే వేళకు రాదు, రెండో తేదీ ఏడు దాటి మూడు నిమిషాలకు అటూఇటూగా నడినెత్తి మీదుగా పోవాలి.

ఒకటో తేదీ పొద్దున ఛైర్మన్ గారు కబురు పెట్టారు.

గున్నేశ్వరరావు గారి తాత భీమవరంలో కిరాణా కొట్టు నడిపాడు. ఈయన రెండు ఐసు ఫ్యాక్టరీలు పెట్టారు, రొయ్యల మేత ఏజెన్సీ పెట్టారు, ఆ తరువాత కాలేజీ పెట్టారు. ఐసు వ్యాపారానికీ కాలేజీకీ తేడా ఏంటని ఎవరో అడిగితే, ఐసు కరిగితే కొన్నవాడికి కనబడుతుంది అన్నారట.

"రామ్మా దుర్గా. రేపు రాజమండ్రి నుంచి మా కాబోయే వియ్యాలవారు వస్తున్నారు. పన్నెండు మంది. ఏడింటికి మన మీదుగా స్పేస్ స్టేషన్ పోతుందంట కదా, జీవరాజు గారు చెప్పారు. టెలిస్కోపులో అది చూపించాలి. గ్రౌండులో పెద్ద తెర కట్టిస్తున్నాను."

"ఏడూ నాలుగుకి వస్తుందండి, ఏడూ పదికి పోతుంది. సరిగ్గా అప్పుడే నలభై ఒకటి కూడా వస్తుందండి."

"అదెవరు?"

"రేకుముక్కండి. అది దొరక్కపోతే పరీక్ష పోయినట్టే."

ఆమె ఏడు ఎలా పోయాయో, మూడు ఎలా దొరికాయో చెప్పింది. ఆయన ఫోను చూసుకుంటూ విన్నారు. ఆమె ఇంకో దారి పట్టింది.

"మీ దగ్గర ఐసు బండి ఒక్కటే ఉందనుకోండి. రెండు చెరువుల్లో పట్టుబడి. ఒకటి వందెకరాల ఆసామిది, ఆయనింకా వల దింపలేదు. రెండోది రెండెకరాల కౌలుదారుది, రొయ్య గట్టు మీద పోసి ఉంది. బండి ఎటు పంపుతారండి?"

"ఇదేం ప్రశ్నమ్మా? గట్టు మీద పోసినవాడికి. ఆసామి రొయ్య నీళ్లలో ఉంది, రేపటిదాకా బతికే ఉంటుంది. గట్టు మీద రొయ్యకి గంట టైముందా?"

"ప్రోగ్రాము చేసేది అదేనండి."

ఆయన ఫోను బల్ల మీద పెట్టారు.

"అంటే జీవరాజు గారు మూడు రోజులు ఆసామికే పంపారన్నమాట బండి."

"అవునండి."

"ఆయన సంగతి నాకు తెలీదా? మా ఫ్యాక్టరీలో కంప్రెసర్ దరిదాపులకి రానివ్వను. కానీ పీహెచ్‌డీ ఉందమ్మా. తనిఖీవాళ్లొచ్చినప్పుడు కుర్చీలో కూర్చోబెట్టడానికి ఓ మనిషి కావాలి కదా."

"మరి రేపు ఎలాగండి?"

"రేపు స్పేస్ స్టేషనే."

"మీకు అర్థమైంది కదండీ!"

"ఎందుకు కాలేదు, బాగా అర్థమైంది. అయితే రేకుముక్క నాతో వియ్యం అందదు కదమ్మా."

జీవరాజు గారిని ఆమె తెలియనివాడని తీసిపారేసింది. తెలిసీ అడ్డుపడేవాణ్ణి ఎక్కడ పారేయాలో ఆమెకు వెంటనే తోచలేదు. మెట్లు దిగుతుండగా తోచింది. స్పేస్ స్టేషన్ చూడటానికి టెలిస్కోపు దేనికి? చీకటి పడ్డాక ఆకాశంలో చంద్రుడి తరువాత చెప్పుకోదగ్గ వెలుగు దానిదే. చెరువు గట్టు మీద గేదె తలెత్తినా కనిపిస్తుంది.

ఆమె తిన్నగా జీవరాజు గారి గదికి వెళ్లింది.

"సార్, రేపు మైకులో వ్యాఖ్యానం ఎవరో ఒకరు చెప్పాలి కదా. నేను పైన కంప్యూటరు దగ్గర ఉండాలి. మీరైతే బాగుంటుంది."

"నేనా? అబ్బే." అని ఆయన డైరీ తీశారు. "ఎన్ని నిమిషాలు?"

"ఏడింటికి మొదలుపెట్టండి. ఏడూ నాలుగుకి వాయవ్యం వైపు వేలు చూపించండి. అందరినీ అటే తిప్పి నిలబెట్టండి సార్, వెనక్కి చూస్తే మళ్లీ దొరకదు."

"తెర ఎటు కడుతున్నారు?"

"ఆగ్నేయంలో స్తంభాలున్నాయి కదా సార్, అక్కడ."

ఆయన రాసుకున్నారు. తెర ఆ దిక్కున ఉంటే వాయవ్యం వైపు చూసేవాళ్లందరి వీపులూ తెరకు ఉంటాయన్న సంగతి ఆయన డైరీలో పట్టలేదు.

రెండో తేదీ ఆరున్నరకు కప్పు తెరుచుకుంది. గ్రౌండులో కుర్చీలు, టీ, పూతరేకులు, శాలువాలు. జీవరాజు గారు కోటు తొడుక్కుని వచ్చారు. ఆరూ యాభైకే మైకు పట్టుకున్నారు. అంతరిక్షం అనంతమైనదని, మన కాలేజీ అంతరిక్షంలోకి అడుగుపెట్టిందని, దీని వెనక ఛైర్మన్ గారి దూరదృష్టి ఉందని చెప్పారు. పైన గదిలో దుర్గ కిటికీ మూసింది.

గాలి ఈడ్చిన ముక్క కాస్త కిందికి దిగుతుంది, దిగినది ఇంకా జోరుగా తిరుగుతుంది, అందుకని చెప్పిన వేళకంటే ముందే వస్తుంది. ఎంత ముందు అన్నదే తెలియదు. నలభై సెకన్లని ఆమె అంచనా. దాని దారిలో నాలుగు చోట్లు ఎంచింది. మొదటిచోట టెలిస్కోపును నిలిపి, నలభై ఐదు సెకన్ల ముందు నుంచీ ఫొటోలు తీయించింది. నక్షత్రాలున్నాయి. ఇంకేమీ లేదు. చెప్పిన వేళ దాటింది. ఏమీ రాలేదు.

అప్పుడే కింద అరుపులు వినిపించాయి. స్పేస్ స్టేషన్ వచ్చింది. పన్నెండు మంది వియ్యాలవారూ, ఛైర్మన్ గారి బంధువులూ, లెక్చరర్లూ ఫోన్లెత్తి వాయవ్యం వైపు తిరిగారు.

"చూడండి, చూడండి! మన టెలిస్కోపు దాన్నే పట్టుకుని వెంట పోతోంది!" అన్నారు జీవరాజు గారు మైకులో.

కాబోయే వియ్యపురాలు అమ్మణ్ణి గారు మెడ నొప్పి పుట్టి ఓసారి వెనక్కి తిరిగారు.

"తెర మీద ఏమీ లేదేంటండీ? వట్టి చుక్కలే కనబడుతున్నాయి."

మైకు ఆ ప్రశ్నను కూడా అందుకుంది. జీవరాజు గారు తడుముకోలేదు.

"బాగా దగ్గరగా చూస్తే అలాగే ఉంటుందండి."

"ఓహో" అని ఆవిడ మళ్లీ అటు తిరిగారు.

మొదటిచోటికి అది రాలేదంటే, తాను చూడటం మొదలుపెట్టకముందే దాటిపోయి ఉండాలి అనుకుంది దుర్గ. దారి అదే అయితే ముందుకు పోయి కాచుకోవాలి. మధ్య రెండు చోట్లనూ వదిలేసి నాలుగోచోటికి టెలిస్కోపును తిప్పింది. అక్కడికి అది రావాల్సిన వేళకు ఇంకా డెబ్బై సెకన్లుంది. ఫొటో, ఫొటో, ఫొటో. ఏడో ఫొటోలో కుడి అంచు నుంచి మధ్య దాకా ఒక గీత పడింది. ఎనిమిదో ఫొటోలో ఆ గీత ఎడమ అంచు దాటింది. అరవై రెండు సెకన్లు ముందు.

రెండు ఫొటోలు చాలవు. ఇంకోచోట కూడా కనబడితేనే కంపెనీ ఒప్పుకుంటుంది. కొత్త వేళను వేసి, దాని కంటే ముందు పరుగెత్తేలా టెలిస్కోపును తూర్పుకు తిప్పింది. తిరగడానికి పదకొండు సెకన్లు పట్టింది. గీత మళ్లీ పడింది. దాని తరువాత ఇంకోసారి పడింది. ఆ పైన అది భూమి నీడలోకి పోయింది.

ఇదంతా తెర మీద పన్నెండు అడుగుల వెడల్పున కనిపించింది. ఆ నాలుగు నిమిషాలూ తెర ముందు యాభై మంది ఉన్నారు. గీత పడినప్పుడు ఒక్కరి ముఖమూ దాని వైపు లేదు.

మూడో తేదీ తొమ్మిదిన్నరకు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. తప్పిపోయినవి మూడు. భీమవరం కేంద్రాన్ని మూడేళ్లకు తీసుకుంటున్నాం.

నాలుగో తేదీకి కాలేజీ గేటు దగ్గర ఫ్లెక్సీ లేచింది. అందులో ఛైర్మన్ గారి బొమ్మ నిలువెత్తున, జీవరాజు గారి బొమ్మ నడుము దాకా ఉన్నాయి. టెలిస్కోపు కూడా ఉంది. అది వేరే దేశంలోని వేరే టెలిస్కోపు.

ఛైర్మన్ గారు వరండాలో దుర్గకు ఎదురుపడ్డారు.

"రేకుముక్క దొరికిందటగా?"

"దొరికిందండి."

"మా వియ్యపురాలు తెర మీద చుక్కలు బాగున్నాయంది." ఆయన అక్కడే ఒక్క క్షణం ఆగారు. "మూడేళ్లకి నీ ఉద్యోగం కాగితం టైపు చేయిస్తున్నాను. ఇంకో కాగితం మీద కూడా సంతకం పెట్టాను. జీవరాజు గారు ప్రయారిటీ ఇన్‌ఛార్జి అంట. ఆయనే రాసుకొచ్చారు."

"మళ్లీనా అండీ?"

"ఆయనకి పని లేకపోతే ప్రమాదమమ్మా. ఏదో ఒకటి అప్పజెప్పు" అని కారెక్కారు.

దుర్గ ఆ మధ్యాహ్నం పై గదికి వెళ్లి ప్రయారిటీ గడిని మళ్లీ పెట్టింది. మునుపటికంటే పెద్దది చేసింది. పసుపు రంగు వేసింది. సున్నా నుంచి పది దాకా ఏ అంకె వేసినా తీసుకుంటుంది. సేవ్ నొక్కితే ఆకుపచ్చ టిక్కు పడి, ఇన్‌ఛార్జి గారి పేరుతో నమోదైందని వస్తుంది. ఆ అంకెలను ప్రోగ్రాము చదవదు.

జీవరాజు గారు రోజూ నాలుగింటికి వచ్చి కూర్చుంటారు. ఒక్కో పేరూ చదువుకుంటూ అరగంట పాటు అంకెలు వేస్తారు. తన పద్ధతి మొదలుపెట్టాక తప్పిపోయినవి తగ్గాయని ఏప్రిల్‌లో ఒక వ్యాసం రాసి ఎక్కడికో పంపారు.

"మేడమ్, ఇవాళ ఈ జపానువాళ్లదానికి పది వేశాను. సరిపోతుందా?"

"వేయండి సార్."

"ఈ నలభై ఒకటికి మటుకు సున్నాయే వేశాను. ఏమీ అనుకోరు కదా?"

"దేనికి సార్ అనుకోవడం?" అని ఆమె ఆయనకు టీ తెప్పించింది.

ఆరున్నరకు కప్పు తెరుచుకుంది. టెలిస్కోపు ముందుగా నలభై ఒకటి వైపు తిరిగింది.